ఆయన ఖతర్‌లో, యుద్ధం మా హాల్లో

పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు రాశారు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది, అందులోని సంగతులు క్లుప్తంగా ఇవీ.

భర్త మూడేళ్లుగా ఖతర్‌లోని రాస్ లఫాన్‌లో పైప్ ఫిట్టరు. ఇక్కడ ఇంట్లో ఆవిడ, ఎనిమిదేళ్ల పాప, అత్తయ్య, మావయ్య ఉంటారు. మావయ్య రైసుమిల్లులో గుమాస్తాగా పనిచేసి మానేశారు. 2025 జూన్ 23 రాత్రి ఇరాన్ ఖతర్‌లోని అమెరికా స్థావరం మీద క్షిపణులు వేసినప్పటి నుంచి ఆయన టీవీ ముందు నుంచి లేవడం లేదు. సెప్టెంబరు 9న దోహాలో ఇజ్రాయెల్ దాడి జరిగాక అది ఇంకా ముదిరింది. తెలుగు చానెల్లో ప్రకటనలు రాగానే ఒడియా చానెల్ పెడతారు. "ఇన్ని చానెళ్లు ఒకటే చూపిస్తుంటే అబద్ధమెలా అవుతుంది?" అన్నది ఆయన వాదన. భయం పుట్టినప్పుడల్లా డ్యూటీలో ఉన్న కొడుక్కి ఫోన్ చేస్తారు. అక్కడ సూపర్‌వైజర్ చీవాట్లు పెట్టాడట, కొడుకు ఇప్పుడు ఫోన్ ఎత్తితే కసురుకుంటున్నాడు. "అక్కడ ఏం కనిపిస్తోందో వీడియో తీసి పంపు" అని అడిగి, వచ్చినవి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. టీవీలో సైరన్ మోగితే పాప నిద్రలో ఉలిక్కిపడుతోంది. అత్తయ్య కొడుకుని వచ్చేయమంటున్నారు. ఈవిడ అడిగినవి మూడు: కేబుల్ తీయించేయనా? ఏది నిజమో ఎలా తెలుసుకోవాలి? భర్తని వచ్చేయమని చెప్పాలా?

అమ్మా, కేబుల్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. ముందు మీ మావయ్యగారి వాదన చూద్దాం. మీ ఇంట్లో గొడవంతా దాని మీదే నిలబడి ఉంది.

ఇన్ని చానెళ్లు చూపిస్తే నిజమే కదా అన్నది దగ్గర ఊళ్ల సంగతులకు పనికొచ్చే లెక్క. గుణుపురం దగ్గర బస్సు బోల్తా పడితే ఐదు చానెళ్ల విలేకర్లు అక్కడికి వెళ్తారు. ఒకరు చూడనిది ఇంకొకరు చూస్తారు, ఒకరు తప్పు చెబితే ఇంకొకరి మాటతో తేలిపోతుంది. దోహా విషయంలో అలా జరగదు. విదేశాల దృశ్యాలు ప్రపంచంలోని చానెళ్లలో చాలావాటికి రాయిటర్స్, ఏపీ, ఏఎఫ్‌పీ అనే మూడు వార్తాసంస్థల నుంచే చేరతాయి. చందా కట్టిన ప్రతి చానెల్‌కీ అదే వీడియో ఒకేసారి వస్తుంది. దాంతోపాటు ఒక వివరపత్రం కూడా వస్తుంది: ఎక్కడ, ఏ రోజు, ఎవరు తీశారు, ఏ షాటులో ఏముంది, ఎంతవరకు నిర్ధారించుకున్నారు. హైదరాబాద్ డెస్కులో కూర్చున్న సబ్ ఎడిటర్ దాన్ని తెలుగు చేస్తాడు, భువనేశ్వర్‌లో కూర్చున్నతను ఒడియా చేస్తాడు. దృశ్యంలో పనికొచ్చే ముక్క పదిహేను సెకన్లు ఉంటే దాన్నే అరగంట తిప్పుతారు. మీద ఎర్ర బాణాలు, నేపథ్యంలో డప్పు మోత, యాంకర్ వెనక పైకి లేచే బొమ్మ క్షిపణి. ఈ హడావిడిలో ఆ వివరపత్రంలోని జాగ్రత్త మాటలే ముందు ఎగిరిపోతాయి. మీ మావయ్యగారు రెండు భాషల్లో చూశారు గానీ ఇద్దరు సాక్షుల్ని చూడలేదు. సాక్షి ఒక్కడే, వాడి మాట రెండుసార్లు విన్నారు. సరిహద్దు ఊళ్లలో రెండు భాషలూ వచ్చినవాళ్లకు ఈ పొరపాటు మరీ సులువుగా జరుగుతుంది.

చానెళ్లు ఎవరినీ ఎందుకు పంపవు అంటే డబ్బు. ఒక విలేకరిని, ఒక కెమెరామన్‌ని పరాయి దేశంలో ఉంచాలంటే అద్దె, వీసా, బీమా, అక్కడి భాష తెలిసిన సహాయకుడు అన్నీ కావాలి. అమెరికాలోని పెద్ద నెట్‌వర్కులే 1980ల మధ్యలో యజమానులు మారాక (ఎన్‌బీసీ 1986లో జనరల్ ఎలక్ట్రిక్ చేతికి వెళ్లింది) విదేశాల్లోని కార్యాలయాలను కుదించుకుంటూ వచ్చాయి. మన చానెళ్ల పరిస్థితి ఇంకా ఇరుకు. తెలుగు వార్తా చానెళ్లలో ఎక్కువ భాగం ఉచితంగా వచ్చేవే కనక బతుకంతా ప్రకటనల మీదే. ప్రకటన పది సెకన్ల లెక్కన అమ్ముడవుతుంది. ఆ ధరను తేల్చడంలో పెద్ద మాట బార్క్ (ఏ చానెల్‌ను ఎంతమంది చూస్తున్నారో కొలిచే సంస్థ) రేటింగ్‌ది. వార్తా చానెళ్ల రేటింగులు 2020 అక్టోబరులో ఆపేశారు, 2022 మార్చిలో నాలుగు వారాల సగటుగా మళ్లీ ఇవ్వడం మొదలుపెట్టారు. సగటు అయినా జనం రిమోట్ నొక్కకుండా కూర్చోవడమే సరుకు. యుద్ధం అయితే స్టూడియోలో ముగ్గురిని కూర్చోబెట్టి రెండు గంటలు నడపొచ్చు. గల్ఫ్ క్యాంపులో జీతాలు ఆగిపోయిన సంగతి చెప్పాలంటే అక్కడ మనిషి ఉండాలి.

ఇంకో ముచ్చట. రేటింగ్ లెక్కలో ఆంధ్ర, తెలంగాణ కలిపి ఒక మార్కెట్, ఒడిశా వేరే మార్కెట్. తెలుగు చానెల్ ప్రకటనల బేరం మొదటి దాని మీదే నడుస్తుంది. అంటే మీ మావయ్యగారు పొద్దస్తమానం చూసినా ఆ బేరంలో ఆయనకు లెక్కలేదు. పక్కనే ఆంధ్రలోని పాతపట్నంలో ఉండుంటే కనీసం లెక్కకైనా వచ్చేవారు!

ఈ హోరు గురించి అనుకుంటున్నది మనమే కాదు. 2022 ఏప్రిల్ 23న కేంద్ర సమాచార, ప్రసార శాఖ ఉక్రెయిన్ యుద్ధ వార్తల మీద చానెళ్లకు ఒక సూచన పంపింది. ఆధారం లేని మాటలు, మూలంతో సంబంధం లేని శీర్షికలు, అణుయుద్ధం వచ్చేసిందన్నట్టు ఊదరగొట్టడం, ఇవన్నీ ఉదాహరణలతో సహా అందులో ఉన్నాయి. పద్ధతి మారిందా అంటే, మీ హాల్లోకి తొంగి చూస్తే చాలు.

ఇప్పుడు జూన్ 23 రాత్రినే తీసుకోండి. మన టైముకు దాదాపు రాత్రి 10 గంటలకు క్షిపణులు వచ్చాయి. వాటి గురి అల్ ఉదైద్ వైమానిక స్థావరం, దోహాకు నైరుతిగా ముప్పై కిలోమీటర్ల పైన. అక్కడి నుంచి రాస్ లఫాన్‌కు నేరుగా కొలిస్తే దగ్గర దగ్గర తొంభై కిలోమీటర్లు. అంటే మీ ఊరి నుంచి బరంపురానికి గాలిదారిన ఎంతో అంత. ఖతర్ ముందే గగనతలం మూసింది, ఆ రాత్రికే తిరిగి తెరిచింది. ప్రాణనష్టం లేదు. మర్నాడు ఇరాన్, ఇజ్రాయెల్ మధ్య కాల్పుల విరమణ. ఈ ముగింపు మీ ఇంట్లో ఎంతమందికి గుర్తుందో ఒకసారి అడిగి చూడండి. మొదలు గంటల తరబడి నడుస్తుంది, ముగింపు కింద పట్టీలో ఒక లైనుగా జారిపోతుంది. మావయ్యగారి మనసులో ఆ రాత్రి ఇంకా పూర్తి కాకపోవడానికి సగం కారణం అదే.

అలాగని భయం ఉత్తిదే అనడం లేదు. సెప్టెంబరు 9 దాడి దోహా నగరంలోనే, జనం నివసించే చోటే జరిగింది. ఖతర్ భద్రతా సిబ్బందిలో ఒకరు చనిపోయారు. తండ్రిగా ఆయన కంగారులో తప్పేమీ లేదు. టీవీ గొంతు ఎంత పెద్దదైతే కొడుక్కి అంత ప్రమాదం అనుకోవడమే తప్పు. ఆ గొంతును పెంచేది చానెళ్ల మధ్య పోటీ, అంతేగానీ రాస్ లఫాన్‌లో ఏం జరుగుతోందన్నది కాదు.

తెర మీద ఏం చూడాలో చెబుతాను. "ఫైల్ దృశ్యాలు" అని మూల చిన్న అక్షరాల్లో ఉంటే అది పాత బొమ్మ. "సౌజన్యం సోషల్ మీడియా" అంటే ఎవరు తీశారో చానెల్‌కీ తెలియదు. శీర్షిక చివర ప్రశ్నార్థకం ఉంటే, "మూడో ప్రపంచ యుద్ధమేనా?" లాంటివి, చానెల్ దగ్గర జవాబు లేదని అర్థం. ఎవరన్నారు అన్నది లేకుండా "సమాచారం", "తెలుస్తోంది" అంటే ఆ వాక్యాన్ని వదిలేయొచ్చు. రాత్రి ఆకాశంలో వరసగా మెరుపులు, కెమెరా ఏమాత్రం కదలకుండా, మనుషుల అరుపుల్లేకుండా ఉంటే అనుమానించండి. ఆర్మా 3 అనే వీడియోగేమ్ దృశ్యాలు నిజమైన యుద్ధాలుగా ఎంతగా తిరిగాయంటే, ఆ గేమ్ తయారుచేసిన కంపెనీయే 2022 నవంబరులో వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఒక్కోసారి మంచి విలేకర్లకీ దారి ఉండదు. గాజాలోకి బయటి దేశాల విలేకర్లను 2023 అక్టోబరు నుంచి స్వేచ్ఛగా వెళ్లనివ్వలేదు, అక్కడి స్థానిక విలేకర్లు ప్రాణాలొడ్డి తీసినవే మనకు చేరాయి. 2025 జూన్‌లో ఇరాన్ ఇంటర్నెట్‌నే కత్తిరించింది. అలాంటప్పుడు "ఇంకా తెలియదు" అన్నదే నిజాయతీ ఉన్న వార్త. తెలియదని అరగంట చెబుతూ కూర్చుంటే ప్రకటనలు రావు కదా.

ఇక కేబుల్. తీయించేస్తే హాల్లో చప్పుడు ఆ రోజే ఆగుతుంది, పాపకు నిద్ర పడుతుంది. కానీ మావయ్యగారి చేతిలో ఫోన్ ఉంది. యూట్యూబ్‌లో ఒక యుద్ధం వీడియో చూస్తే దాని వెనకే ఇంకోటి దానంతటదే మొదలవుతుంది, పైగా ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఆయన ఏం వింటున్నారో మీకు తెలియదు. అదీకాక "కోడలు టీవీ పీకించింది" అన్న మాట వీధి దాటి పోతుంది. సెట్‌టాప్ బాక్సులో చానెల్ లాక్ ఉంటుంది. మెనూలో పేరెంటల్ లాక్‌లోకి వెళ్లి నాలుగంకెల పిన్ పెడితే కావలసిన చానెల్‌కే తాళం పడుతుంది. ముందే పెట్టి ఇచ్చిన పిన్ ఎక్కువగా 0000 లేదా 1234 ఉంటుంది, మార్చకపోతే తాళం వేసీ వేయనట్టే. ఆయనకు చెప్పకుండా వేస్తే కేబుల్ అబ్బాయిని పిలిపించి తీయిస్తారు, ఆ తర్వాత మీ మాట ఆయన చెవికెక్కదు. ఆయన ఒప్పుకుని, రాత్రి పాప పడుకునే వేళకు మాత్రం వేసుకుందాం అంటే అది నిలుస్తుంది.

ఇంకో దారి, నాకు ఎక్కువ ఆశ ఉన్నది, టీవీ చేస్తున్న పనిని ఇంకోదానికి అప్పజెప్పడం. మావయ్యగారు వార్తల కోసం కూర్చోవడం లేదు, కొడుకు క్షేమం కోసం కూర్చుంటున్నారు. ఆ క్షేమం వేళకు చేరితే తెర మీద పట్టు సడలుతుంది. ఖతర్ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. ఆయన డ్యూటీ అక్కడ సాయంత్రం 5కు అయిపోతే మనకు 7.30. బస్సులో క్యాంపుకు చేరి స్నానం చేసేసరికి 8.30 అవుతుందనుకుందాం. రాత్రి 9 వార్తలకు ముందు, రోజూ అదే వేళకు, "నాన్నా" అని పిలిచి ఒక వాయిస్ మెసేజ్ పంపమనండి. నిమిషం చాలు. మీకు పంపి మీరు వినిపించడం కాదు, నేరుగా మావయ్యగారి ఫోన్‌కే రావాలి. బదులుగా డ్యూటీ వేళల్లో ఫోన్ చేయకూడదన్న ఒప్పందం తండ్రితో కొడుకే మాట్లాడుకోవాలి. మీరు చెబితే అది కోడలి ఆంక్ష అవుతుంది. ఇందులో ఒక చిక్కుంది: ఓవర్‌టైమ్ పడి ఒకరోజు మెసేజ్ రాకపోతే కంగారు రెట్టింపవుతుంది. అందుకే "మెసేజ్ రాకపోతే మర్నాడు పొద్దున 9 దాకా ఆగాలి" అన్నది కూడా ఒప్పందంలో ఉండాలి.

నిజంగా ఏదైనా జరిగిన రోజు లెక్క వేరు. కాల్స్ తగలవు, అందరూ ఒకేసారి చేస్తారు కాబట్టి. చిన్న టెక్స్టు దూరుతుంది. "బాగున్నా" అన్న మాట, టైము, ఎక్కడున్నారు, అంతే. ఒక కాగితం మీద ఆయన కంపెనీ పూర్తి పేరు, క్యాంపు చిరునామా, ఖతర్ ఐడీ నంబరు, పాస్‌పోర్టు నంబరు, గదిలో ఉండే ఇద్దరి ఫోన్లు రాసి ఇంట్లో పెట్టుకోండి. ఇలాంటప్పుడు చాలా ఇళ్లలో కంపెనీ పేరు సరిగా తెలియక రోజులు పోతాయి. విదేశాంగ శాఖ నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800-11-3090. ఫిర్యాదు రాతపూర్వకంగా వేయాలంటే అదే శాఖ వెబ్‌సైట్ మదద్ ఉంది, అందులో కూడా ఈ వివరాలే అడుగుతారు. దోహాలోని భారత రాయబార కార్యాలయం సోషల్ మీడియా పేజీని మావయ్యగారి ఫోన్‌లోనే పెట్టి చూపించండి. జూన్ 23న ఇళ్లలోనే ఉండమని అక్కడి మనవాళ్లకు చెప్పింది ఆ కార్యాలయమే. వార్తల కోసం బీబీసీ తెలుగు, ఆకాశవాణి తెలుగు బులెటిన్ (న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో దొరుకుతుంది) సరిపోతాయి. అల్ జజీరా ఇంగ్లిష్ అర్థమయ్యేవారుంటే గల్ఫ్ సంగతులకు దానికి సాటి తక్కువ. కానీ అది ఖతర్ ప్రభుత్వ డబ్బుతో నడిచేది, ఖతర్‌ గురించి ఖతర్ చెప్పుకునే మాటను అదే కొలతతో వినాలి.

వీడియోల విషయం మాత్రం ఈరోజే ఆపించండి. ఇందులో రెండో దారి లేదు. ఖతర్‌లో పుకార్లు, తప్పుడు వార్తలు వ్యాప్తి చేస్తే ఐదేళ్ల దాకా జైలు వేయగల నిబంధన 2020లో శిక్షాస్మృతిలో చేరింది. రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్లున్న చోటు, అక్కడ అనుమతి లేకుండా కెమెరా ఎత్తడమే ప్రమాదం. ఆయన నాన్నకు పంపింది బంధువుల గ్రూపులో పడి, అక్కడి నుంచి ఇంకో నలభై గ్రూపులు తిరిగి, "దోహాలో ప్రత్యక్ష దృశ్యాలు" అని ఏదో చానెల్లో తేలితే మూలం ఆయన ఫోనే. క్షిపణి కంటే ఇదే ఆయన ఉద్యోగానికి దగ్గరగా ఉన్న ముప్పు. మావయ్యగారికి ఈ ఒక్క సంగతి నేరుగా చెప్పండి, కొడుకు మేలు కోసమైతే ఆయన వింటారు. ఇప్పటికే గ్రూపులో పెట్టినవి తీసేయమనండి.

మావయ్యగారిది గుమాస్తా చెయ్యి కాబట్టి ఒక చిన్న ప్రయోగం. ఒక పాత లెక్కల పుస్తకంలో రాత్రి పెద్ద శీర్షిక, ఎవరన్నారు, మర్నాడు ఏమైంది అని మూడు గడులు గీసి రాయమనండి. మూడో గడి ఎన్నిసార్లు ఖాళీగా ఉంటుందో ఆయన కళ్లతోనే చూస్తారు. కొందరికి ఇది బాగా పనిచేస్తుంది, కొందరు దీనితో ఇంకా ఎక్కువ టీవీ చూస్తారు. రెండు వారాలు చూసి, చూసే గంటలు పెరిగితే మానేయండి.

పాప సంగతి. ఉత్తుత్తి సైరన్ అని చెప్పినా ఎనిమిదేళ్ల పిల్లకు చెవి ముందు వింటుంది, బుద్ధి తర్వాత. నాన్న ఉన్న చోటు మ్యాపులో చూపించి, దాడి ఎక్కడ జరిగిందో వేలు పెట్టి కొలిపించండి. రాత్రి 8 తర్వాత శబ్దం లేకుండా చూడమని తాతగారిని పాపే అడిగితే ఇంకా మంచిది. సైరన్ విషయంలో మీకు ఫిర్యాదు చేసే వీలుంది. పౌర రక్షణ సైరన్ శబ్దాన్ని కార్యక్రమాల్లో వాడొద్దని 2025 మే 10న కేంద్రం మీడియాకు సూచించింది. అవగాహన కోసమైతే మినహాయింపు. చానెల్ పేరు, తేదీ, టైము, తెర మీద పడిన శీర్షిక, వీలైతే తెర ఫొటోతో చానెల్ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ పెట్టండి. కేబుల్ టీవీ నిబంధనల 2021 సవరణ ప్రకారం అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోయినా, జవాబు నచ్చకపోయినా మరో 15 రోజుల్లో ఆ చానెల్ సభ్యత్వం ఉన్న స్వీయ నియంత్రణ సంస్థకు (చానెళ్లు తమకు తామే పెట్టుకున్నది) వెళ్లొచ్చు. ఎక్కువమంది తేదీ, టైము రాయక ఓడిపోతారు. నిజం చెప్పాలంటే దీనితో మీ హాల్ ఈ నెలలో ప్రశాంతం కాదు. అయినా కాగితం మీద ఉండటం మంచిదే.

చివరికి, వచ్చేయమనాలా? ఇది మీ అత్తయ్యా, టీవీ కలిసి తేల్చే విషయం కాదు. మీ భర్త అక్కడ రెండేళ్లు దాటారు కనక మానేయాలంటే రెండు నెలల నోటీసు ఇవ్వాలి. 2020లో మారిన ఖతర్ కార్మిక చట్టం లెక్క అది, రెండేళ్ల లోపు వాళ్లకైతే నెల. ఏడాది సర్వీసు దాటినవాళ్లకు ఏడాదికి కనీసం మూడు వారాల మూల వేతనం గ్రాట్యుటీగా రావాలి. నోటీసు ఇవ్వకుండా రాత్రికి రాత్రి బయల్దేరితే అందులో కోత పడొచ్చు. తిరుగు టికెట్ ఎవరు పెట్టుకోవాలన్నది కాంట్రాక్టులో ఉంటుంది, ఆ పేజీ ఫొటో తెప్పించుకోండి. అప్పు ఏమైనా ఉంటే ఎంత మిగిలింది, ఇక్కడ పైప్ ఫిట్టరు పని దొరికితే ఎంత వస్తుంది అన్నవి పక్కపక్కన పెట్టి చూడండి. ఉండిపోతే మీకు భయం ఉంటుంది, వచ్చేస్తే డబ్బు ఇబ్బంది ఉంటుంది, రెండిటిలో ఏది ఎంత బరువో మోసేది మీ ఇద్దరే. రాయబార కార్యాలయం మనవాళ్లను వెనక్కి రమ్మన్న రోజు ఈ లెక్కలన్నీ పక్కకు పోతాయి, ఆ రోజు ఏ టీవీ అవసరం లేకుండానే బయల్దేరాలి. అంతవరకూ ఈ మాట శుక్రవారం, ఆయన సెలవు రోజున, టీవీ కట్టేసి మాట్లాడుకోండి. ఆ పూట అత్తయ్యను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. నోటీసు, గ్రాట్యుటీ సంగతి ఆవిడకు కొడుకు నోటినుంచే తెలియాలి.